చెప్పి మానినవాళ్ళు

జనవరి చివర్లో ఒక మంగళవారం పదో తరగతి హాజరు వేస్తుంటే ఒక పిల్ల రాలేదు. ఎండైనా వానైనా మానని పిల్ల. "ఏదిరా?" అన్నాను. "వాళ్ళమ్మమ్మ చచ్చిపోయింది మేడమ్, నిన్న సాయంత్రం" అన్నారు వెనక బెంచీల్లోంచి.

ఇప్పుడు హాజరు ఫోనులో వేస్తున్నాం. రాని పిల్ల పేరు నొక్కగానే, ఈ మానడం అనుమతితోనా, అనుమతి లేకుండానా అని అడుగుతుంది. అనుమతితోనే అంటే కారణం చెప్పమంటుంది. జ్వరం ఉంది, ఇంట్లో చావు ఉంది, శుభకార్యం ఉంది. 'చావు' దగ్గర వేలు పెట్టి, నొక్కకుండా కాసేపు అలాగే ఉండిపోయాను.

పోయినావిడ మా బడికి పరమ శత్రువు. మిరప కోతలొచ్చాయంటే మా తరగతులు ఖాళీ చేసేది ఆవిడే. ఈ ఒక్క పిల్లని మాత్రం పదో తరగతి దాకా నెట్టుకొచ్చిందీ ఆవిడే. మార్చిలో పరీక్షలు. ఆవిడ లేకుండా ఈ పిల్ల పరీక్ష దాకా వస్తుందా? నాకు ముందు తట్టింది ఇదే. మనిషి పోయిందన్న బాధ ఆ తర్వాత, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు వచ్చింది.

ఆవిడ పేరు రాయను. ఊళ్ళో ఎవరూ పేరుతో పిలవలేదు కూడా. కూలి ముఠాని నడిపేది కాబట్టి అందరికీ మేస్త్రమ్మ. మిరప కోతల కాలంలో తెల్లారేసరికి తిరువూరు కాలనీలోంచి ఆవిడ ఆటో బయల్దేరేది. వినగడప వైపో, పెనుగొలను వైపో, ఏ రైతు పిలిస్తే అటు. ఆటోలో ఎంతమంది పడతారని కంపెనీవాళ్ళు రాస్తారో నాకు తెలీదుగానీ, ఆవిడ లెక్క వేరు. "ఊపిరి బిగబడితే ఇంకోళ్ళు పడతారు, బిగబట్టండే" అనేది.

చీర మీద ఖాకీ చొక్కా వేసుకునేది. మిరప కోసే ఆడవాళ్ళంతా మగవాళ్ళ చొక్కాలు వేసుకుంటారు, ఘాటు ఒంటికి తగలకుండా. ఈవిడది మాత్రం ఏదో బస్సు కండక్టరు విడిచిన చొక్కా. ఆ చొక్కా వేసుకున్నందుకో ఏమో, ఆటో ఎక్కేవాళ్ళ నెత్తి మీద ఒక్కొక్కరికీ చెయ్యేసి లెక్కపెట్టేది, టికెట్టు కొట్టినట్టు. ఫోనుని చెవి దగ్గర పెట్టుకోవడం ఆవిడకి చేతకాదు. మూతి ముందు అప్పడంలా పట్టుకుని అరిచేది. అవతల రైతు ఏమన్నాడో వీధంతా వినాల్సిందే.

ఆవిడకీ హాజరు నియమాలు ఉండేవి. మా విద్యాశాఖ నియమాలకన్నా గట్టివి. కాన్పు, చావు, ఆదివారం ప్రార్థన, వీటికి అడగక్కర్లేదు. మిగతా దేనికైనా ముందురోజు చెప్పి మానాలి. మొగుడు తాగొచ్చి కొట్టాడన్నా సరే, చెప్పి మానాలి. చెప్పకుండా మానితే తిట్టేది కాదు, మర్నాడు ఆటో వెనక చెక్క మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునే చోటు ఇచ్చేది. వెనకనుంచి వచ్చే లారీల దుమ్మంతా వాళ్ళ మొహానే. రెండుసార్లు అట్లా కూర్చున్న మనిషి మూడోసారి జ్వరంలో ఉన్నా కబురు పంపేది.

మా ఇద్దరికీ మొదటి గొడవ ఆ నియమం గురించే. నేను ఆ బడికి బదిలీ మీద వచ్చిన కొత్త. సోషల్ చెప్తాను. ఒకరోజు వరండాలో ఖాకీ చొక్కా కనబడితే ఎవరో బస్సు మనిషి అనుకున్నాను. హెడ్మాస్టారు కిటికీలోంచి చూసి లోపలి గదిలోకి తప్పుకున్నాడు. "మీరే చూడండమ్మా, మీకు నోరుంది" అని నన్ను తోశాడు.

"రేపట్నుంచి ఈ నలుగురు పిల్లలు రారండి. చెప్పి పోదామని వచ్చా" అంది మేస్త్రమ్మ.

"ఎందుకు రారు?"

"మిరప కోతలకి."

మొహం మీద ఈగ వాలినంత బెదురు కూడా లేదు. నాకు ఒళ్ళు మండింది.

"నువ్వు చెప్తే సరిపోతుందా? ఇది బడి. మేం ఒప్పుకుంటేనే సెలవు."

"మరి ఒప్పుకోండి."

"ఒప్పుకోను."

"సరే. చెప్పటం నా వంతు, ఒప్పుకోకపోటం మీ వంతు. ఎవరి పని వాళ్ళం చేశాం" అని వెనక్కి తిరిగింది.

"ఆగు! నీ ముఠాలో ఎవరన్నా చెప్పి మానితే నువ్వు ఒప్పుకుంటావా?"

"చెప్పి మానితే ఒప్పుకుంటా. చెప్పకుండా మానితేనే కదండీ దొంగతనం. నేనేం దొంగతనంగా తీసుకుపోతన్నానా? ఊళ్ళో మిగతా మేస్త్రులు మీ గుమ్మం తొక్కారా? అడగండి మీ సార్‌ని."

ఆ మాట నిజమే. తక్కిన ముఠాలవాళ్ళు గోడ దూకి వచ్చిన పిల్లుల్లా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు. ఈవిడ మాత్రం పెళ్ళి పిలుపులకి వచ్చినట్టు వచ్చేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. అది వినయం అనుకుంటే పొరపాటు. "కూచుంటే పోట్లాడ్డానికి ఊపిరి చాలదు, మీరూ లెగవండి" అనేది.

ఇక్కడ బడి గురించి ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర ఏటా మిరప కాయ ఎరుపెక్కగానే పిల్లలందరికీ జ్వరం వస్తుంది. వచ్చినట్టు రాస్తాం. అందరికీ తెలుసు. తల్లి వచ్చి "జొరం సార్" అంటుంది, సార్ "అయ్యో" అంటాడు. మిరప కోతలని రాస్తే అది అనుమతి లేని గైర్హాజరు. అవి ఎక్కువైతే పైనుంచి నోటీసు, తల్లి ఖాతాలో పడాల్సిన సర్కారు డబ్బు పడదు, ఆ పైన బడి మానేసినవాళ్ళ కింద పేరు మారుతుంది. జ్వరమని రాస్తే ఏమీ లేదు. అందుకని ఆ రెండు మూడు నెలలూ తిరువూరు పిల్లలంతా మంచాన పడతారు. మంచాన పడి చేలో కాయ కోస్తుంటారు.

హెడ్మాస్టారు చెడ్డవాడు కాదు. మా గొడవ పెద్దదవుతుంటే లోపల్నుంచి వచ్చి మేస్త్రమ్మతో మెల్లిగా అన్నాడు. "జొరమని చెప్పించమ్మా వాళ్ళ అమ్మల చేత. పోద్ది కదా."

ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఛ, అదేం మాటండీ సారూ! లేని జొరం ఉందని అంటే పిల్లకి తగలదా? నోటి వాక్కు అండి. మా పాస్టరుగారు కూడా అదే చెప్పారు. నా ముఠాలో పిల్లలకి జొరమనే మాట నేను రాయనివ్వను."

"మరి ఏమని రాయమంటావు?"

"మిరప కోతలని రాయండి. సిగ్గేముంది?"

సిగ్గేమీ లేదుగానీ, ఫోనులో ఆ మాటకి గడి లేదు. ఆవిడ తీసుకుపోయిన పిల్లలందరికీ అనుమతి లేని గైర్హాజరు పడింది. అబద్ధం చెప్పిన తల్లుల పిల్లలు కోతలయ్యాక నవ్వుకుంటూ వచ్చి తరగతిలో కూర్చున్నారు. మేస్త్రమ్మ పిల్లల ఇళ్ళకి నోటీసులు వెళ్ళాయి. ఒక ఆడపిల్ల నోటీసు చూసి భయపడి ఇక రానేలేదు. నేను హెడ్మాస్టారి మీద పడ్డాను. "అబద్ధం చెప్పినవాడికి అనుమతి, నిజం చెప్పినవాడికి నోటీసు! ఇదేనాండీ మనం నేర్పే చదువు?" ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "అందరికీ నిజం రాస్తే బడి ఖాళీ, పైవాళ్ళని కాదంటే ఉద్యోగం ఖాళీ. రెండింట్లో ఏది వదులుకుందామంటారమ్మా? బడా, ఉద్యోగమా?" అన్నాడు. నేను ఎవరితోనైనా వాదిస్తాను. అలసిపోయిన మనిషితో వాదించలేను.

మేస్త్రమ్మకి మాత్రం సంగతి అర్థం కాలేదు. అర్థం చేసుకోనని పట్టు పట్టింది. "చెప్పాను కదండీ! చెప్పినా తప్పేనా?" అని అడిగింది. మళ్ళీ ఏడాది మళ్ళీ వచ్చింది, అదే చొక్కా, అదే మాట. రేపట్నుంచి వీళ్ళు రారండి. నేను ఒప్పుకోనన్నాను. సరే అంది.

మనవరాలిని మాత్రం మిరప కాయ ముట్టుకోనిచ్చేది కాదు. ఆటో మా బడి ముందునుంచే పోవాలి. గేటు దగ్గర ఆపించి, ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకున్న మనవరాలిని దింపేది. ఇంకా బడి తలుపులు కూడా తీసుండేవి కావు. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని చదువుకునేది. వెనక ఆటోలో ఆ పిల్ల ఈడు పిల్లలే తలకి తువ్వాళ్ళు చుట్టుకుని, కళ్ళు మాత్రం కనబడేట్టు కూర్చుని, మెట్ల మీది పిల్లని చూస్తూ పోయేవాళ్ళు. ఒకరోజు నేను తొందరగా వచ్చి ఇది కళ్ళారా చూశాను. ఊరుకుంటానా?

"ఏమ్మా మేస్త్రమ్మా! నీ పిల్ల బడికి, ఊళ్ళో పిల్లలు చేలోకా? బాగుందమ్మా నీ న్యాయం!"

ఆటోలో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆవిడ ఆటోలోంచి తల బయటపెట్టింది. "ఊళ్ళో పిల్లలకి అమ్మలున్నారు మేడంగారూ, వాళ్ళు తెస్తన్నారు. దీనికి అమ్మనీ అయ్యనీ నేనే. నేను తేను. మీకు అంత ఇదిగా ఉంటే మిగతా అమ్మలకీ చెప్పండి, దిగిపోతారు. ఏమే, దిగుతారా?" ఎవరూ దిగలేదు. "చూశారుగా! పోనియ్యరా అబ్బాయ్."

నోరు మూయించింది అనుకోండి. అయినా ఒప్పుకోను. మిగతా పిల్లల చేతులు నేను చూశాను. మిరప కోసే పిల్ల కన్ను వేళ్ళతో తుడుచుకోదు, మోచేత్తో తుడుచుకుంటుంది. కోతలు అయిపోయాక కూడా, వానాకాలంలో కూడా, నా తరగతిలో మోచేత్తో కళ్ళు తుడుచుకునే పిల్లలు ఉంటారు. వాళ్ళందరినీ ఆ చేలోకి తీసుకెళ్ళిన మనిషిని మంచిదని రాయడానికి నాకు చెయ్యి రాదు.

కానీ ఒక మధ్యాహ్నం జరిగింది కూడా రాయాలి. పోయిన ఏడాది, మనవరాలు తొమ్మిదిలో ఉన్నప్పుడు, తల్లిదండ్రుల మీటింగుకి ఆ పిల్ల తల్లి బదులు మేస్త్రమ్మ వచ్చింది. మార్కులు చెప్పాను. లెక్కల్లో ఫస్టు. ఆవిడ మొహంలో ఏమీ కదల్లేదు. అందరూ వెళ్ళిపోయాక మాత్రం ఆ వరండా మెట్టు మీద కూర్చుంది. మా బళ్ళో ఆవిడ కూర్చోవడం నేను చూడటం అదే. నేనూ పక్కన కూర్చున్నాను.

"వాళ్ళమ్మ ఎందుకు రాలేదు?" అన్నాను.

"దానికి మీ ముందు మాట రాదండి. ఎవరి ముందూ రాదు. దాని మొగుడు హైదరాబాదులో ఇంకోదాన్ని పెట్టుకుంటే, ఏరా అని అడగటం కూడా రాలా." మెట్టు మీది దుమ్ము చేత్తో తుడిచింది. "ఏడో తరగతిలో నేనే మానిపించా దాన్ని. ఈ బళ్ళోనే. చెప్పే మానిపించాలే. అప్పటి సారు దగ్గరకొచ్చి, రేపట్నుంచి పిల్ల రాదండి, కోతలున్నయ్ అన్నా. ఆయన సరేనమ్మా అన్నాడు. పుస్తకంలోంచి తల కూడా ఎత్తలా."

మార్కుల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని వింటున్నాను.

"ఎవరో ఒకళ్ళు కాదనాలి కదండీ. ఇంట్లో మొగుడు కాదనలా. పాస్టరుగారు కాదనలా. బళ్ళో సారు, ఆయనన్నా కాదనాలి కదా. అదేమో నా చెయ్యి పట్టుకుని నిలబడుంది, ఆయన ఏమంటాడా అని చూస్తా."

"మరి ఇప్పుడు నేను ఏటా కాదంటున్నాగా! నువ్వు ఆగుతున్నావా?"

"ఆగను" అంది. "ఆగితే ముఠా ఆగిద్ది. అయినా మీరు కాదంటారనేగా వస్తా. ఆ పిల్లలు వింటారు కదా. మాకోసం ఒకళ్ళు కాదన్నారని ఉంటది వాళ్ళకి." లేచి చీర దులుపుకుంది. "మీరు సరేనన్నారనుకోండి, ఇంక మీ గుమ్మం తొక్కను."

ఇది విని నేను మెత్తబడ్డాననుకోకండి. మర్నాడే ఆటో ముందు నిలబడి అరిచాను. ఆవిడా అరిచింది. కానీ ఆ రోజునుంచి కాదనేటప్పుడు పిల్లలకి వినబడేట్టు గట్టిగా అనేదాన్ని. ఏం ఒరిగింది? ఏమీ లేదు. ఆ ఏడాదీ పిల్లలు వెళ్ళారు. అనుమతి లేని గైర్హాజరు పడింది.

ఆవిడ పోయింది చేలోనే. నీళ్ళు తాగుదామని గట్టు మీద కూర్చుంది, కూర్చున్నది పక్కకి ఒరిగింది. ఆస్పత్రికి తెచ్చేసరికే అయిపోయింది. ఆవిడ గట్టు మీద కూర్చోగానే ఏదో తేడా అనుకున్నామని ముఠా ఆడవాళ్ళు చెప్పారు.

చావుకి మా నియమాల్లో కొన్ని రోజుల సెలవుంది. అది అయిపోయింది. పిల్ల రాలేదు. ఫోను నన్ను మళ్ళీ అడగడం మొదలుపెట్టింది, అనుమతితోనా, లేకుండానా అని. ఒక ఉదయం గేటు దగ్గర నిలబడి ఉంటే ఆటో వచ్చింది. ముందు సీట్లో మనవరాలు. ఆటో ఆగలేదు. నన్ను చూసి ఆ పిల్ల తల వంచుకుంది.

ఆ సాయంత్రమే కాలనీకి వెళ్ళాను. తల్లి గుమ్మంలో కూర్చుని, నన్ను చూసి లేచి, లోపలికి పోయి నిలబడింది. పిల్ల బయటికి వచ్చింది. చేతులకి ఆముదం రాసుకుని ఉంది, మంట తగ్గడానికి.

"ఏంటే ఇది?" అన్నాను.

"ముఠా చీలిపోతంది మేడమ్. ఇద్దరు ముగ్గురు మేస్త్రులు పిలుస్తన్నారు మనోళ్ళని. అమ్మమ్మ ముగ్గురు రైతులకి మాటిచ్చింది. అమ్మకేమో మాట్లాడటం రాదు. నాకు రైతులందరూ తెలుసు, ఫోన్లన్నీ నేనే చేసేదాన్ని. ఈ కోతలు అయిపోయేదాకానే."

"కోతలు అయ్యేసరికి పరీక్షలు కూడా అయిపోతాయి!"

"పరీక్షలకి వస్తా మేడమ్. రాత్రిళ్ళు చదువుతన్నా."

"మీ అమ్మమ్మ ఉంటే చెక్క మీద కూర్చోబెట్టేది నిన్ను."

పిల్ల నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుంది. నేను చూడకూడదనుకున్నది చూశాను.

వద్దన్నాను. తిట్టాను. బతిమాలాను. లోపలున్న తల్లితో, "నువ్వన్నా కాదనమ్మా" అన్నాను. ఆవిడ తలుపు చెక్క గీరుతూ ఉండిపోయింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు పోగయ్యారు. అందులో ఒకామె, "మీరన్నది నిజమే మేడంగారూ, కానీ మమ్మల్ని ఎవరు తీసుకెళ్తారు?" అంది. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది. సివిక్సులో హక్కుల పాఠం చెప్పి చెప్పి అరిగిపోయిన నోరు నాది. ఆ నోటితోనే వెనక్కి తిరిగి వచ్చేశాను.

హాజరు తక్కువైతే హాల్ టికెట్టు ఆపేస్తారు. హెడ్మాస్టారు నన్ను పిలిచి, "డాక్టరు దగ్గర జొరమని కాగితం తెప్పించండమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. పిల్లకి ఫోను చేసి చెప్పాను. "జొరమంటే ఎవరు నమ్ముతారు మేడమ్, రోజూ బడి ముందునుంచేగా పోతన్నా" అంది. అమ్మమ్మ మాట కూడా ఏదో ఉందిలే ఆ పిల్ల మనసులో. కాగితం తేలేదు. నేను హెడ్మాస్టారితో పోట్లాడాను, ఆయన పైవాళ్ళతో ఏం పోట్లాడాడో నాకు తెలీదు, మొత్తానికి హాల్ టికెట్టు వచ్చింది. తీసుకెళ్ళి నేనే ఇచ్చాను. పిల్ల రెండు చేతులతో అందుకుంది. "తప్పకుండా వస్తా మేడమ్" అంది. నమ్మాను. ఆ పిల్లా నమ్మే చెప్పింది.

మొదటి పరీక్ష రోజు తెల్లారేసరికి ఆకాశం మబ్బు పట్టింది. మార్చిలో ఎప్పుడూ లేని మబ్బు. నాకు ఆ రోజు డ్యూటీ లేదు. సెంటరు గేటు దగ్గర నిలబడ్డాను. మా పిల్లలందరూ వచ్చారు, పెన్నులు చూసుకుంటూ, దండాలు పెట్టుకుంటూ. జ్వరాలొచ్చి తగ్గినవాళ్ళు కూడా వచ్చారు. ఆ పిల్ల రాలేదు. ఫోను చేశాను. చాలాసేపటికి ఎత్తింది. అవతల గాలి హోరు, ఆడవాళ్ళ అరుపులు.

"మేడమ్, కాయంతా కల్లంలో ఆరబోసి ఉంది. వానొస్తే మొత్తం పోద్ది. పట్టాలు కప్పుతన్నాం. రైతు ఏడుస్తన్నాడు మేడమ్."

"వాణ్ణి ఏడవనీ! పరీక్షే పిచ్చిదానా! ఆటో ఎక్కి వచ్చెయ్. ఆలస్యమైనా అరగంట దాకా రానిస్తారు."

"ఆటో ఇంకా జనాన్ని తేవటానికి పోయింది. రాగానే వచ్చేస్తా మేడమ్. వస్తన్నా, వస్తన్నా" అంటూనే ఎవర్నో కేకేసింది. "అత్తా, ఆ కొస పట్టుకో, ఎగిరిపోతంది!" ఫోను ఆగిపోయింది.

నేను రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాను. ఎన్ని ఆటోలు వచ్చాయో! ప్రతిదానికీ ఒక అడుగు ముందుకి వేశాను. గేటు దగ్గర కానిస్టేబుల్ గడియారం చూసుకున్నాడు.

"ఇంకెవరన్నా రావాలా మేడమ్?"

"ఒక పిల్ల."

"పోనీ ఇంకో నిమిషం చూద్దాంలెండి" అన్నాడు. మంచివాడు. చూశాడు. తర్వాత గొలుసు వేశాడు.

కాసేపటికి లోపల్నుంచి నాకు తెలిసిన టీచరు ఒకామె మంచినీళ్ళకి బయటికి వచ్చింది. "మీ పిల్ల ఒకతి రాలేదండీ. ఆబ్సెంటని ఏబీ వేశాను" అంది.

"కారణం ఏమని రాశారు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఇక్కడ కారణం ఎవరు అడుగుతారండీ? వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు." నా మొహం చూసి, "జూన్‌లో సప్లిమెంటరీ ఉందిగా, రాసుకుంటుందిలెండి" అంది.

ఉంది. అప్పటికి రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయ కోతలు ఉంటాయి. ముఠాకి పిలుపు వస్తుంది. మాటివ్వడానికి ఇంట్లో ఇప్పుడు ఈ పిల్ల ఒక్కతే ఉంది.

నేను గేటు ముందు అలాగే నిలబడి ఉండగా గాలి తిరిగింది. మబ్బు విచ్చుకుంది. రోడ్డంతా ఎండ పడింది. ఆ రోజు తిరువూరులోగానీ, వినగడపలోగానీ, ఒక్క చినుకు రాలలేదు.